అడిగేవాడు చెప్పేవాడయ్యాక

అడిగేవాడికి చెప్పేవాడు లోకువని మన సామెత. బాయిలర్ల ఇన్‌స్పెక్టరుగా ఆ లోకువతనం ఎంత హాయిగా ఉంటుందో నేను ఏళ్ళ తరబడి అనుభవించాను. మనం జీపు దిగేసరికి మిల్లు యజమాని కొబ్బరిబొండం పట్టుకుని నిలబడి ఉంటాడు. ఫైర్‌మన్ బీడీ ఎక్కడ దాచాలో తెలియక చెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు. లెక్కలన్నీ ఎవరో చేసి తెచ్చి ముందు పెడతారు. ఎర్ర సిరాతో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టి "ఇదేమిటి?" అంటే మన పని సగం అయిపోయినట్టే. ఆ కుర్చీ వదిలి, కాలేజీ నుంచి వచ్చిన కొత్తలో చేసిన బాయిలర్ డిజైను పనిలోకే మళ్ళీ వచ్చాను. ఇప్పుడు లెక్కలు తెచ్చి ముందు పెట్టేది నేను.

"ఇన్నేళ్ళ తర్వాత ఆ త్రీడీ బొమ్మలు గీయగలరా?" అని అందరూ అడుగుతారు. గీయగలను. డ్రాయింగ్ బోర్డు మీద కుదిరిన చెయ్యి మౌసుకీ కుదురుతుంది. పక్క సీట్లో మా అమ్మాయి ఈడు పిల్ల ఉంది, విసుక్కోకుండా చెబుతుంది. అన్నాళ్ళ ఫైళ్ళ మధ్య నాలో తరిగిపోయింది మరొకటి. ఖాళీ కాగితం మీద మొదటి అంకె వేసే ధైర్యం.

నిబంధనల మీద నాకు చిన్నచూపేమీ లేదు. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలింది. మరుసటి ఏడాదే అక్కడ తనిఖీ చట్టం వచ్చింది. 1923లో దేశమంతటికీ ఒక చట్టం, 1950లో పరిశ్రమలో అందరూ ఐబీఆర్ అని పిలుచుకునే రెగ్యులేషన్లు, 2025లో ఆ పాత చట్టం స్థానంలో కొత్తది. నీళ్ళు మామూలు పీడనంలో ఆవిరైతేనే సుమారు 1,600 రెట్లు ఉబ్బుతాయి. అలాంటిదాన్ని ఇనప డ్రమ్ములో బిగించి ఆడించేవాళ్ళకి ఒక పుస్తకం ఉండాల్సిందే. అయితే, రేకు కనీసం ఎంత మందం ఉండాలో ఆ పుస్తకం చెబుతుంది. అంతకన్నా ఎంత ఎక్కువ వేస్తే తెలివో చెప్పదు.

ఊక సంగతే చూడండి. మన ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్ పొయ్యికి మేత వడ్ల ఊకే. చవక, పైగా మిల్లులోనే పుడుతుంది. కానీ కాలిన ఊకలో ఐదో వంతు దాకా బూడిదే మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. పొగతోపాటు సన్నటి ఇసుక ట్యూబుల మధ్య నుంచి దూసుకుపోతూ ఉంటుందన్నమాట. ఇన్‌స్పెక్టరుగా నేను అరిగిన ట్యూబు మీద సుద్దతో గీత గీసి, రిపోర్టులో "మార్చవలెను" అని రాసి, భోజనానికి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు ఆ ట్యూబు అరగకుండా చూడటం నా పని. పొగ వేగం తగ్గించాలి. వేగం రెట్టింపైతే అరుగుదల ఇంచుమించు ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి, కాస్త తగ్గించినా ఫలితం బాగానే ఉంటుంది. కానీ వేగం తగ్గితే ట్యూబుకి వేడి అందడమూ తగ్గుతుంది. అంత ఆవిరే రావాలంటే ఇంకా ట్యూబులు కావాలి, ట్యూబులంటే ఉక్కు, ఉక్కంటే డబ్బు. యజమాని జేబులోంచి ఇంకో కంపెనీ కొటేషన్ తీసి బల్ల మీద పెడతాడు. దీనికి ఐబీఆర్‌లో క్లాజు లేదు. ఉండక్కర్లేదు కూడా. పేలకుండా చూడటం వరకే చట్టం పని. ఎన్నేళ్ళు నడవాలి, ఎంతలో తయారవాలి అన్నది ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. తనిఖీలో ఉన్నన్నాళ్ళూ నాకు తెలిసినవి రెండే, ఒప్పు, తప్పు. ఇక్కడ ఒప్పులే నాలుగుంటాయి. వాటిలో ఒకటి ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నానో చెప్పుకోవాలి.

తనిఖీ నుంచి వచ్చినవాడి అంకెలు లావుగా ఉంటాయని ఆఫీసులో నా మీద ఒక జోకు. 16 మిల్లీమీటర్ల రేకు చాలంటే మనసు 22 వైపు లాగుతుంది. మందం ఎక్కువైతే నష్టమేముందని. ఉంది. రేకు మందమయ్యేకొద్దీ లోపలి వేడికీ బయటి వేడికీ తేడా పెరుగుతుంది. పొద్దున వెలిగించి రాత్రికి ఆర్పేసే బాయిలర్లో ఆ తేడా రోజూ లోహాన్ని లాగి వదులుతుంది.

"సర్కారు కొలువులో అన్నేళ్ళు వృథా చేశావు" అంటాడు మా బావమరిది. వాడికి తెలియంది ఒకటుంది. డిజైనరు కాగితం మీద బాయిలర్ ఎప్పుడూ కొత్తదే, నేను చూసినవన్నీ పాతవి. నీళ్ళ సాఫ్ట్‌నర్‌కి ఉప్పు దండగని మానేసినవి, ట్యూబుల లోపల సున్నపు పొర కట్టినవి, మసిపట్టి నీటిమట్టం కనబడని గేజ్ గ్లాసులవి. వాటి కడుపులోకి నేను పాకుతూ దూరాను. అందుకే నా డ్రాయింగులో మొదట వెతుక్కునేది ట్యూబుల లెక్క కాదు, బూడిద తియ్యడానికి మనిషి ఎటునుంచి వెళతాడని. తలుపు పెట్టినచోట నిలబడ్డానికి జాగా లేకపోతే ఆ తలుపు ఎవరూ తెరవరు. తెరవకపోయినా "శుభ్రం చేశాం" అని రిజిస్టర్లో రాసేస్తారు. అలాంటి రిజిస్టర్లు నేను ఎన్నింటి మీద సంతకాలు పెట్టలేదు!

ఈ వారం ఒక మిల్లాయనతో బేరం ఇదే విషయం మీద. ఊక బాయిలర్‌కి శుభ్రం చేసుకునే తలుపులు మూడు కావాలన్నాను. ఒకటి చాలదా అన్నాడాయన. అక్కడి ఫైర్‌మన్ కాస్త లావుపాటి మనిషి. ఆయన్నే పిలిచి, పాత బాయిలర్ తలుపులో దూరి చూపించమన్నాను. భుజాలు పట్టలేదు. రెండు తలుపులకి ఒప్పుకున్నారు. మూడోదాని సంగతి ఇంకా తేలలేదు.