మామూ చెప్పిన పంపు పని

స్టీరింగ్ బరువెక్కిందంటే బండి తోలేవాడికి రోజీ బరువెక్కినట్టే. మా దుల్హాభాయి జమ్మలమడుగులో ఉంటాడు. ముద్దనూరు మీదుగా పులివెందులకు, ఇటు ప్రొద్దుటూరుకు బాడుగలు తోలుతాడు. ఏడు సీట్ల పాత డీజిల్ బండి ఆయనది. సరిగ్గా షాదీల సీజన్‌లో అది నిలబడిపోయింది. తెల్లారేసరికి ముందు చక్రం దగ్గర ఎర్రటి ఆయిల్ మడుగు. స్టీరింగ్ తిప్పితే ఊళ పెట్టినట్టు చప్పుడు. మలుపుల్లో భుజాలు గుంజేంత బరువు. ఊర్లో గ్యారేజీలన్నీ పనుల్లో మునిగి ఉండాయి, వారం ఆగమన్నారు. వారం అంటే మూడు షాదీల బాడుగ పోయినట్టు, ఫైనాన్స్ కంతు తప్పినట్టు.

ఆపా నాకు ఫోన్ చేసి, "మామూను పిలిపించు" అనింది.

మామూ పులివెందులలో నలభై ఏళ్ళు డీజిల్ బండ్ల ఉస్తాద్. ఆయన షాగిర్దులు ఈరోజు కువైట్‌లో గ్యారేజీల్లో ఉండారు. ఇప్పుడు ఆయన చేతులకు వణుకు. చాయ్ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటాడు. ఇంక పానా పట్టలేడు. ఇంట్లో ఇంకో మనిషి ఉండాడు, మా భాంజా. ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాసయినాడు కానీ సొంతంగా ఒక్క పనీ చేసింది లేదు. వాణ్ణి డ్రైవర్ వీసా మీద కువైట్ పంపాలా వద్దా అని ఇంట్లో రోజూ బహస్ నడుస్తా ఉంది.

మామూ బస్సు దిగినాడు. వాకిట్లో కుర్చీ వేసినాం. "నేను చెప్తా, వాడు చేస్తాడు. నువ్వు రాసుకో" అన్నాడు నాతో. నేను ప్రొద్దుటూరు నుంచి నోటుబుక్కు తెచ్చుకునే ఉండాను.

మొదటి సవాల్: "లీకు యాడ?" భాంజా పంపు అంతా తడిసిన చోటు చూపించినాడు. మామూ తల అడ్డంగా ఊపినాడు. "తడి ఉన్న చోటు కాదు, తడి మొదలైన చోటు చెప్పు." కిరసనాయిలు గుడ్డతో పంపు, పైపులు శుభ్రంగా తుడిపించినాడు. బాగా ఆరినాక ముఖానికేసుకునే పౌడరు తెమ్మన్నాడు. ఆపా అల్మారాలోంచి డబ్బా తెచ్చి, "హాయ్ అల్లా, బండికీ సింగారమా!" అని నవ్వింది. పౌడరు చల్లి, ఇంజన్ వేసి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పించినాడు. తెల్లటి పౌడరు మీద ఎర్రటి గీత పుల్లీ వెనకాల మొదలైంది. అంటే షాఫ్ట్ సీలు. అదే గీత పైపు బిగించిన జాయింటు దగ్గర మొదలైతే రెండు రాగి వాషర్లు మార్చితే పని అయిపోయేది, పంపు జోలికే పోనక్కర్లేదు. ఒక్క పౌడరు చిటికెతో ఎంత డబ్బు తేడా! సీలు ఒక్కటే మార్చకూడదా అని అడిగినా. ఇంజన్ ఆపించి, బెల్టు వదులు చేయించి, పుల్లీని పట్టి ఊపమన్నాడు. అది కటకటా ఆడింది. "లోపల అరిగింది. కొత్త సీలు వేసినా నెల నిలబడదు."

ఈ పంపు చేసే పని చిన్నది కాదు. ఇంజన్ బెల్టు పుల్లీని తిప్పుతుంది. లోపల సన్నటి రెక్కలు ఆయిల్‌ను నెట్టి, ఒత్తిడితో స్టీరింగ్ బాక్సుకు పంపుతాయి. టైర్లో గాలి 30, 35 పాయింట్లు పట్టిస్తాం కదా, ఈ ఆయిల్ ఒత్తిడి చక్రాలు మొత్తం తిప్పినప్పుడు 1000 పాయింట్లు దాటుతుంది. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు 1926లోనే ఇలాంటి స్టీరింగ్ చేసి చూపించినాడు. మామూలు కార్లలో అమ్మకానికి వచ్చింది మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. మామూ జవానీలో తిప్పింది అంబాసిడర్లు, పాత జీపులు. వాటికి భుజాలే పంపు.

తర్వాత విప్పే పని. ఇంజన్ పూర్తిగా చల్లారాల. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాల. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాల. జాకీ ఎత్తినాక భాంజా వాకిట్లో మిగిలిన కడప బండ ముక్కలు తెచ్చి బండి కింద పేర్చబోయినాడు. మామూ కుర్చీలోంచే అరిచినాడు: "నక్కో!" ఆ రాయి నేల మీద వందేళ్ళు ఉంటుంది కానీ బండి బరువు ఒక పక్క పడితే చెప్పాపెట్టకుండా పగులుతుంది. కింద ఉన్నవాడు జనాజా అవుతాడు. ఇటుకలూ అంతే. జాకీని ఒక్కదాన్నే నమ్మినా అంతే. పక్కింటి లారీ డ్రైవర్ దగ్గర ఇనప స్టాండ్లు తెచ్చేదాకా పని ఆపించినాడు.

కింద బేసిన్ పెట్టి, ముందు డబ్బా నుంచి వచ్చే పైపు, తర్వాత ఒత్తిడి పైపు విప్పించినాడు. విప్పిన పైపు మూతులకు శుభ్రమైన పాలిథిన్ కట్టించినాడు. ఇసుక రేణువు ఒకటి లోపలికి పోయినా కొత్త పంపుకు జహర్. పాత పంపును సంచిలో వేసుకుని నేను ప్రొద్దుటూరు పోయినా. బంగారానికీ బట్టలకూ పేరున్న ఊర్లో ఇనుముకూ అంగళ్ళు ఉండాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, బోల్టు రంధ్రాలు, పైపు మూతులు, షాఫ్ట్ పొడవు కలిసినాకే డబ్బులిచ్చినా. పుల్లీ మార్చడానికి పుల్లర్ కావాల. సుత్తితో కొడితే కొత్త షాఫ్టే వంకర పోతుంది. ఆ పని అంగడిలోనే చేయించుకుని వచ్చినా. ఆయిల్ నానిన బెల్టు జారుతుంది కాబట్టి కొత్త బెల్టు, కొత్త రాగి వాషర్లు, బండి పుస్తకంలో రాసిన రకం ఆయిల్ తెచ్చినా.

బిగించడం కన్నా గాలి తీయడం నాజూకు పని. డబ్బా నిండా ఆయిల్ పోసి, చక్రాలు గాల్లో ఉండగానే, ఇంజన్ వేయకుండా, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాల. "హల్లూ, హల్లూ" అంటా మామూ ఇరవై సార్లు లెక్కపెట్టినాడు. మట్టం తగ్గినప్పుడల్లా పోయాల. బుడగలు ఆగినాకే ఇంజన్. చివరిదాకా తిప్పి అట్లే పట్టుకుని ఉంటే పంపు కాలిపోతుంది, అయిదు సెకన్లు కూడా పట్టుకోవద్దు. ఆయిల్ నురగ కడితే ఇంకా గాలి ఉన్నట్టు. అప్పుడు ఇంజన్ ఆపి, నురగ తేరుకోనిచ్చి, మళ్ళీ మొదలు.

ఇంజన్ నడుస్తా ఉంటే మామూ పొడుగు స్క్రూడ్రైవర్ అడిగినాడు. దాని మొనను పంపు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటే లోపలి చప్పుడు వినపడుతుంది. చేతులు వణుకుతా ఉంటే ఎట్ల? భాంజా స్క్రూడ్రైవర్‌ను బెల్టుకు దూరంగా కదలకుండా పట్టుకున్నాడు. మామూ వంగి చెవి ఆనించినాడు. చానాసేపు విన్నాడు. "ఠీక్ హై" అన్నాడు. తర్వాత భాంజా తలను తన చేత్తో వంచి, "నువ్వూ విను" అన్నాడు.

పాత ఆయిల్‌ను మోరీలో పోయకుండా క్యాన్‌లో పట్టి గ్యారేజీ వేస్ట్ ఆయిల్ పీపాలో వేసినాం. ఆ సాయంత్రమే భాంజా బండి తోలి మామూను పులివెందులలో దించినాడు. ముద్దనూరులో ఆపి చూస్తే పంపు కింద పొడిగా ఉంది.

రాత్రి నోటుబుక్కు సాఫుగా రాయడానికి కూర్చున్నా. నేను చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. మామూ చెప్పింది మన ఇంటి ఉర్దూలో. భాంజాకు ఉర్దూ హర్ఫ్ రాదు, వాడు చదివేది తెలుగు. కాబట్టి తెలుగులోనే రాసినా. పానాను పానా అని, షాఫ్ట్‌ను షాఫ్ట్ అనే ఉంచినా. "ఇరుసు" అని రాసి చూపిస్తే భాంజా ఎద్దులబండా అని నవ్వినాడు.

కితాబులో ఉన్నదాన్నే మనం ఇల్మ్ అంటాం. మామూ దగ్గర ఉన్నది ఏ కితాబులోనూ లేదు, అందుకే జిందగీ అంతా ఆయన్ని "మెకానిక్" అని మాత్రమే పిలిచినారు. ఆయన ఉస్తాద్ దగ్గర ఉన్నదాంట్లో సగం ఆ ఉస్తాద్‌తోనే ఖబ్ర్‌లోకి పోయిందంట. మీ ఇండ్లల్లోనూ టైలరు నానా, టింకరింగ్ చాచా, దేగ్ దించే ఖాలా ఉంటారు. వాళ్ళ చేతులు వణకక ముందే పక్కన కూర్చోండి. పిల్లోడి చేతికి పానా ఇవ్వండి, మీరు కలం పట్టండి.

కువైట్ బహస్ ఇంకా తెగలేదు. పోయినా, ఉన్నా, నోటుబుక్కు మాత్రం వాడిదే. వచ్చే జుమ్మా తర్వాత మామూ క్లచ్ ప్లేటు గురించి చెప్తానన్నాడు.