నాబాలిగ్ దస్తఖత్

పోయిన ఆదివారం మా ఆపా కొడుకు ఊరి నుంచి వచ్చాడు. చాయ్ సగం తాగాక అసలు మాట బయటపెట్టాడు.

"మామూ, ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నప్పుడు నాకు పదిహేడేళ్లే. నాబాలిగ్‌ని. ఆ దస్తఖత్ చెల్లదంట కదా? ఇక కట్టే పనిలేదంట."

ఇంజనీరింగ్ అయి రెండేళ్లు. నౌకరీ లేదు. చదువయ్యాక ఇచ్చిన ఏడాది గడువూ అయిపోయి, బ్యాంకు నోటీసు ఇంటికొచ్చింది. దోస్తులెవరో ఈ ఉపాయం చెప్పారు.

వాడు చెప్పింది పూర్తిగా ఝూట్ కాదు. మన ఫిఖ్‌లో బాలిగ్ లెక్క వేరు, కానూన్ లెక్క వేరు. 1875 చట్టం ప్రకారం 18 నిండాలి. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం నాబాలిగ్‌కు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. కలకత్తాలో ధర్మోదాస్ ఘోష్ అనే నాబాలిగ్ ఆస్తి తాకట్టు పెట్టి సాహుకారు దగ్గర ఖర్జ్ తీసుకున్నాడు. ఆ కేసులో 1903లో ప్రీవీ కౌన్సిల్, అలాంటి ఒప్పందం మొదటి నుంచే చెల్లదని తేల్చింది. ఈరోజుకీ మన కోర్టులు ఆ మాటే పట్టుకుంటాయి.

"చూశావా మామూ!" అన్నాడు. ముఖం వెలిగింది.

"కాగితాలు తెచ్చావా?" అన్నాను.

ప్లాస్టిక్ కవర్లోంచి తీశాడు. రుణగ్రహీతల జాగాలో మొదటి దస్తఖత్ వాడిది కాదు, ఆపాది. దూలాభాయి ఇంతెకాల్ అయిన ఏడాది అది. ఇంగ్లీషు కాగితం, ప్రతి పేజీ కింద ఉర్దూలో ఆపా పేరు. బ్యాంకులు అందుకే తల్లినో తండ్రినో కలిపి రాయించుకుంటాయి. బిడ్డ నాబాలిగ్ అని తేలితే బిడ్డ తప్పుకుంటాడు, ఖర్జ్ తప్పుకోదు. అది మొత్తం తల్లి మీద నిలబడుతుంది.

"ఇంకోటి బేటా. నాబాలిగ్‌గా చేసిన ఒప్పందానికి తర్వాత మంజూరీ ఇచ్చినా ప్రాణం రాదంటారు, నిజమే. కానీ నాలుగేళ్ల ఫీజులో మూడేళ్లది నీకు 18 నిండాకే విడుదలైంది. అప్పుడు నువ్వు పెట్టిన దస్తఖత్‌లు బాలిగ్ దస్తఖత్‌లే."

వాడు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఎందుకంటే చివరి పేజీ చూశాను. విషయమంతా ఆమెకు ఆమె భాషలో వివరించామని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఆపాకి ఫోన్ చేశాను.

"ఎవరూ చెప్పలేదు రా. సాబ్ వేలు పెట్టిన చోటల్లా పెట్టేశాను. వీడి చదువు కదా."

ఆ రోజు తోడు రమ్మని ఆపా నన్నే అడిగింది. పేపర్ పని ఉందన్నాను. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, రోజూ ఊరందరి కాగితాలు చదివే నేను, మా ఆపా కాగితం చదవడానికి ఒక్క పూట ఇవ్వలేదు.

సోమవారం ముగ్గురం బ్యాంకుకి వెళ్లాం. నౌకరీ దొరికేదాకా వాయిదా తగ్గించి, గడువు పెంచమని దరఖాస్తు ఇచ్చాం. ఇలా అడగొచ్చని చాలా ఇళ్లలో తెలియదు. నోటీసు చూసి దాక్కుంటారు. దాక్కుంటే సూద్ పెరుగుతుంది, అంతే. మీ ఇంట్లోనూ పదిహేడేళ్ల బిడ్డకి లోన్ రాయిస్తుంటే, బిడ్డ వయసు చూసి ధైర్యపడకండి. పక్కన దస్తఖత్ ఎవరిదో చూడండి. ఆ మనిషికి ఆమె భాషలో చదివి వినిపించండి.

బ్యాంకు బెంచీ మీద కూర్చుని పాత కాగితం మొత్తం ఆపాకి ఉర్దూలో చెప్పాను. ఒకచోట ఆపింది.

"అంటే వీడితో పాటు నేనూ ఖర్జ్‌దార్‌నేనా?"

"అవును ఆపా. ముందే చెప్పుంటే..."

"చెప్పుంటే పెట్టేదాన్ని కాదనుకున్నావా? పెట్టేదాన్నే. తెలిసి పెట్టేదాన్ని."