దాని తల్లి పంపుతానందా?

మా మేనకోడలి కొడుక్కి మూడున్నరేళ్ళు. నెల రోజులుగా రాత్రి పడుకోబోయే ముందు వాడు తల్లిని ఒకటే మాట అడుగుతున్నాడు: "దాని తల్లి పంపుతానందా?" అది అంటే ఒక కుక్కపిల్ల. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కి ఒక చెవి వాలిన ఊరకుక్క పిల్ల. ఫోన్లో ఫొటో చూపించి, ఇది మనింటికొస్తుందిరా అని తల్లి ముందే చెప్పేసింది. వాడు ఆ రోజే తను పాలు తాగే స్టీలు గిన్నె తీసుకెళ్ళి బాల్కనీలో ఓ మూల పెట్టాడు. తీరా ఆ కుక్కపిల్లను ఉంచుకున్న సంరక్షణ సంస్థవాళ్ళు, ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి ఇవ్వం అనేశారు. ఆ మాట పసివాడికెలా చెప్పాలో తోచక, "వాళ్ళమ్మ పంపనంటోంది నాన్నా, ఇంకా చిన్నది కదా" అని సర్దిచెప్పింది. గిన్నె ఇంకా అక్కడే ఉంది.

ఈ సంగతి విన్న దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

వాళ్ళుండేది హైదరాబాదులో, నిజాంపేట వైపు. 2025 ఆగస్టు 17న బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో జీహెచ్‌ఎంసీ వాళ్ళు ఊరకుక్క పిల్లల దత్తత మేళా పెట్టారు. ఆ వార్త చూశాకే వీళ్ళకు ఆశ పుట్టింది. ఆ రోజు వెళ్ళడం పడలేదు. తర్వాత ఇంకెక్కడో ఓ సంస్థ దగ్గర ఈ పిల్ల కనబడింది. దరఖాస్తు నింపారు. ఇల్లు సొంతమా అద్దెదా, బాల్కనీకి జాలీ ఉందా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, టీకాలు ఎవరు వేయిస్తారు. అన్నీ అడగాల్సినవే, అన్నిటికీ జవాబు రాశారు. పిల్లల వయసు దగ్గర మూడున్నర అని రాయగానే మాటలు ఆగిపోయాయి. ఎవరూ ఇంటికొచ్చింది లేదు. పిల్లాణ్ణి చూసింది లేదు.

"వాళ్ళ తప్పేం లేదులే మావయ్యా, వాళ్ళ రూల్ అది" అంది మేనకోడలు. వాళ్ళ బాధ నాకు తెలియంది కాదు. రోడ్డు మీద కాలు విరిగిన కుక్కను ఒళ్ళో వేసుకుని, ఆటోవాడు ఎక్కించుకోనంటే ఎండలో నడిచే పిల్లల్ని నేను చూశాను. వాళ్ళు జీతాలకు చేసేవాళ్ళు కారు. ముచ్చటపడి పట్టుకెళ్ళినవాళ్ళు వారం తిరక్కుండా తెచ్చి గేటు ముందు వదిలేస్తారు. పిల్లాడు తోక లాగుతాడు, కుక్కపిల్ల పంటితో పట్టుకుంటుంది, తల్లి కెవ్వుమంటుంది, నేరం కుక్క మీద పడుతుంది. అలా వెనక్కొచ్చిన కుక్క తిండి మానేసి తలుపు వైపే చూస్తూ పడుకుంటుంది. దాన్ని రెండోసారి నమ్మించడం ఎంత కష్టమో వాళ్ళకే తెలుసు. కుక్కకాటు పిల్లలకు ఎక్కువ ప్రమాదమన్నదీ నిజమే. పిచ్చి ఉందని అనుమానించాల్సిన జంతువులు కరిచినవాళ్ళలో నూటికి నలభై మంది పదిహేనేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఆ పిల్లల్లో నేనూ ఒకణ్ణి. అప్పుడు నాకు ఆరేళ్ళు. మా గూడూరులో పక్కింటివాళ్ళ దొడ్లో గడ్డివాము కింద ఒక కుక్క ఈనింది. కళ్ళు తెరవని పిల్లల్లో ఒకదాన్ని తీసుకుందామని చెయ్యి దూర్చాను. ముంజేతి మీద నాలుగు పళ్ళు దిగాయి. ఆ గోలకు జనం కర్రలు పట్టుకొస్తే కుక్క కాలువ గట్టు మీదుగా పారిపోయింది. మర్నాడు చూస్తే పిల్లలూ లేవు. కరిచిన కుక్క పదిరోజులు కళ్ళ ముందు బతికుంటే దానికి పిచ్చి లేదని తెలుస్తుంది. అది కనబడకుండా పోయింది కాబట్టి నాకు బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. రోజూ పొద్దున్నే నాన్న నన్ను బస్సులో బందరు తీసుకెళ్ళేవాడు. గొర్రె మెదడుతో తయారుచేసే పాతకాలపు మందు అది. కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే తెల్లదొర కనిపెట్టాడు, నీలగిరుల్లోని కూనూరులోనూ తయారయ్యేది. 2004 చివరిదాకా మన దేశంలో ఆ మందు వాడుకలో ఉండేది. ఇప్పటి పిల్లలకు జబ్బకు వేస్తారు, నాలుగో ఐదో డోసులు. పద్నాలుగు రోజులు పొట్ట గట్టిపడి, చొక్కా తగిలినా మంట పుట్టే ఆ నొప్పి ఈనాటివాళ్ళకు తెలియదు, తెలియకూడదు కూడా.

పద్నాలుగో రోజు మేం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె కాళ్ళ దగ్గర మా రాజు. నల్లటి కుక్క, గుండె మీద మాత్రం అరచేయంత తెలుపు. నన్ను చూసి ఎప్పట్లానే లేచి వచ్చింది. నేను నాన్న వెనక దాక్కున్నాను. ఇంకెవరైనా అయితే కుక్కను దూరంగా కట్టేసేవాళ్ళు. నాయనమ్మ నా మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "చెయ్యి చాపు. నువ్వు ముట్టుకోకు. దాన్ని వాసన చూడనీ" అంది. ఆ ముక్కు చల్లగా నా వేళ్ళకు తగిలింది. అప్పుడు మొదలుపెట్టింది పాఠం. తినేటప్పుడు దాని జోలికి పోకు. పడుకుని ఉంటే పేరు పెట్టి పిలువు, మీద చెయ్యెయ్యకు. పిల్లల తల్లి దగ్గరికి అసలు వెళ్ళకు, అది నీకు చుట్టమైనా సరే. తెలియని కుక్క వెంటపడితే పరిగెత్తకు, నిలబడు, దాని కళ్ళలోకి చూడకు. ఆమెకు చదువు రాదు. ఈ మధ్య కుక్కకాట్ల మీద పంచే కరపత్రం ఒకటి నా చేతికొచ్చింది. ఆమె చెప్పిన మాటలే, ఒక్కటీ తప్పకుండా అందులో ఉన్నాయి.

మూడేళ్ళవాడికి ఇవి నేర్పలేమంటే నేనొప్పుకోను. మా తమ్ముడికి నేర్పింది మూడేళ్ళప్పుడే. ఆ వయసులో నేర్పకపోతే ఇంకెప్పుడు నేర్పుతాం? పొయ్యి దగ్గరికి పోకూడదని, కాలువలో దిగకూడదని ఆ వయసులోనే కదా చెప్పేది.

నాయనమ్మ దగ్గర ఇంకో అలవాటుండేది. అన్నం వార్చగానే తీసిన మొదటి ముద్ద కాకికి, తినడం అయ్యాక ఆఖరి ముద్ద రాజుకు. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ అంతే. ఒక్కో కుక్కకు ఒక్కో గుమ్మం ఉండేది. అది ఏ ఇంటి కుక్కో అందరికీ తెలుసు, పిల్లలకు మరీ తెలుసు. ఇప్పుడు ముద్దలు లేవు. కోడిమాంసం కొట్ల వెనక పారబోసిన పేగులున్నాయి, బిరియానీ పొట్లాలున్నాయి, వాటి చుట్టూ ఎవరి గుమ్మానికీ చెందని కుక్కలు గుంపు కట్టి ఉన్నాయి. ముద్దకు వచ్చే కుక్కకు చెయ్యి తెలుస్తుంది. చెత్తకుప్ప దగ్గర పెరిగిన కుక్కకు మనిషి చెయ్యి అంటే రాయే. ఇది నేను ఎక్కడ మాట్లాడినా చెబుతాను, చెబుతూనే ఉంటాను. అవతలివాళ్ళు విసుక్కున్నా సరే. ఊరూరా కుక్కలకు ఆపరేషన్లు చేసి టీకాలు వెయ్యాలి, నిజమే, 2001 నుంచీ రూల్సు ఉన్నాయి. కానీ ఆపరేషన్ అయ్యాక కూడా అది ఒక గుమ్మం ముందు పడుకోవాలి కదా.

కుక్కను సారమేయం అంటాం కదా, ఆ మాట ఎక్కడిదో చాలామంది మర్చిపోయారు. దేవతల కుక్క సరమ. దాని కొడుకు సారమేయుడు. నన్నయ గారి ఆదిపర్వంలో కథ మొదలయ్యే చోటే వస్తాడు వాడు. జనమేజయుడు యాగం చేస్తుంటే ఆడుకోవడానికి ఆ చోటికి పోయాడు. రాజు తమ్ముళ్ళు పట్టుకుని కొట్టారు. ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళ్ళాడు. సరమ నేరుగా రాజు దగ్గరికొచ్చి, ఏ పాపం ఎరగని నా బిడ్డను కొట్టారే, అనుకోని ఆపద మీకొస్తుంది అని చెప్పి పోయింది. అంత పెద్ద రాజు ఆ మాటకు భయపడి పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు. భారతం గుమ్మంలోనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తిని నిలబడి ఉంది. చివర మహాప్రస్థానంలో ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గంలోకి రానన్నాడని పిల్లలందరికీ చెబుతాం. సరమ కథ ఎవరూ చెప్పరు. నాకైతే ఆ మొదటిదే ఇష్టం. పిల్లలు ఆడుకోవడానికొస్తే తరిమికొట్టకూడదన్న సంగతి అందులో ఉంది. కుక్క పిల్లలైనా మనిషి పిల్లలైనా.

ఇప్పుడు రెండు వైపుల నుంచీ తరుముతున్నారు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి కుక్కలు చంపేశాయి. ఆ వీడియో నేను సగంలో ఆపేశాను, ఇప్పటికీ మిగతాది చూడలేదు. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి కుక్కల తరఫున మాట్లాడే ధైర్యం నాకు లేదు. ఆ ఏడాదే వచ్చిన కొత్త రూల్స్‌లో, వీధికుక్కలకు అన్నం పెట్టే చోటు పిల్లలు ఆడుకునే జాగాకు దూరంగా ఉండాలని రాశారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఇష్టమున్నవాళ్ళు వీధికుక్కల్ని దత్తత తీసుకోవచ్చు, మళ్ళీ రోడ్డు మీదికి మాత్రం వదలకూడదు అంది. నవంబరు 7న బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్ల దగ్గర కుక్కలుండకూడదు, పట్టి షెల్టర్లలో పెట్టండి అంది. భయం ఉన్నచోట ఆ జాగ్రత్తలు తప్పవు. బడి దగ్గర కుక్క కనబడకూడదు, ఇంటికి తెచ్చుకుందామంటే పిల్లాడున్నాడని ఇవ్వరు. మరి ఈ పిల్లాడు కుక్కను ఎక్కడ చూడాలి? పదేళ్ళు వచ్చాక మొదటిసారి ఎదురుపడితే ఒకటే చేస్తాడు: కేక పెట్టి పరిగెత్తుతాడు. పరిగెత్తేవాడి వెనకే కుక్క పడుతుంది.

లండన్‌లో 1860 నుంచీ బాటర్సీ అని కుక్కల శరణాలయం ఉంది. అక్కడ వయసు షరతు కుక్కకు కుక్కకూ వేరు. దీని స్వభావం ఇది, ఇన్నేళ్ళు దాటిన పిల్లలతో ఉండగలదు అని ఒక్కోదానికి విడిగా చెబుతారు. ఉలిక్కిపడే కుక్కను పసిపిల్లలున్న ఇంటికి పంపరు, నిదానమైనది ఉంటే చూస్తారు. నేనడిగేదీ అంతే. పళ్ళు దురదపెట్టే రెండు నెలల పిల్ల వద్దంటారా, సరే. పిల్లల మధ్య పెరిగిన నాలుగేళ్ళ నెమ్మదైన కుక్కను ఇవ్వండి. నెల రోజులు మీదే అని చెప్పి ఇవ్వండి. వారం వారం వచ్చి చూడండి. ముందు ఒక గంట పిల్లాణ్ణీ తల్లినీ కుక్క ఎదుట కూర్చోబెట్టండి. పిల్లాడు తోక పట్టుకోబోతే తల్లి ఏం చేస్తుందో చూడండి. మీకు కావలసిన జవాబు ఆమె చేతిలో కనబడుతుంది, వాడి పుట్టినతేదీలో కాదు.

సంక్రాంతికి పిల్లాణ్ణి తీసుకురమ్మన్నాను. ఆ రోజులకు మా వీధిలో ఏదో ఒక కుక్క ఈని ఉంటుంది. ఎప్పుడూ ఆ కాలానికే ఈనుతాయి. తల్లి దగ్గరికి పోనివ్వను, పిల్లలు తమంతట తాము బయటికొచ్చేదాకా అరుగు మీద కూర్చోబెడతాను. మా నాయనమ్మ కూర్చున్న అరుగు కాదు. అది పోయింది, ఆ ఇల్లే పోయింది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో ఉప్పెన ఊళ్ళను ఊడ్చుకుపోయిన సాయంత్రం మా దగ్గరకు సముద్రం రాలేదు గానీ గాలి వచ్చింది. తాటాకు కప్పు లేచి ఎటో పోయింది. నాన్న తమ్ముణ్ణి ఎత్తుకున్నాడు, అమ్మ నన్ను పట్టుకుంది, నాయనమ్మ రాజు మెడలో తన చీర కొంగు ముడేసింది. వీధి చివర ఒక డాబా ఉండేది. అప్పటికే అందులో జనం నిండిపోయారు. తలుపు తీసినాయన, "చంటిపిల్లలున్నారమ్మా, కుక్కెందుకు" అన్నాడు. నాయనమ్మ బదులు చెప్పలేదు. కొంగు ముడి విప్పలేదు, గుమ్మం ఎక్కలేదు, వానలో అలాగే నిలబడింది. ఆయనే పక్కకు తప్పుకున్నాడు. రాత్రంతా మెట్ల కింద చీకట్లో పిల్లలం ఎంతమందిమో లెక్కలేదు, తడిసిన బట్టలతో వణుకుతూ ఆ కుక్కను ఆనుకుని పడుకున్నాం. దాని పక్కటెముకలు లేస్తూ దిగుతూ ఉండడం నా వీపుకు తెలిసేది. నిద్రలో ఎవరి మోచెయ్యో దాని మూతికి తగిలింది. మూలిగింది, తల ఇటు తిప్పుకుంది, అంతే.

పొయ్యి వెలిగించడానికి ఎండు పుల్ల లేక రెండు రోజులు గడిచాయి. మూడో రోజు ఎక్కడినుంచో పులిహోర పొట్లాలు తెచ్చి పంచారు. నాయనమ్మ మా పొట్లం విప్పింది. నేను చెయ్యి పెట్టబోతే ఆపి, ఒక ముద్ద చేసి నా అరచేతిలో పెట్టి, రాజు వైపు చూపించింది. ఆ రోజు ఆఖరి ముద్ద కాదు, మొదటిదే. నేను వేళ్ళు విప్పి, చెయ్యి చాపి, అది వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.