వండినవారి పంక్తి

కళాచరిత్రలో స్త్రీకి స్థానం దక్కకపోవడాన్ని ప్రశ్నించడమే ప్రధాన వస్తువుగా 1970 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ధోరణిని స్త్రీవాద కళ అంటారు. న్యూయార్కులో దాన్ని చూడదలచినవారు నేరుగా బ్రూక్లిన్‌కు వెళ్లవచ్చు గాని, ముందుగా ఐదవ అవెన్యూ మీది మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక పూట గడిపి బయలుదేరితే ఆ కళ ఎందుకు పుట్టవలసివచ్చిందో మరింత బాగా బోధపడుతుంది. ఈ రచయిత్రి యాత్ర ఆ వరుసలోనే సాగింది.

1985లో న్యూయార్కులో ఏర్పడిన గెరిల్లా గర్ల్స్ అనే కళాకారిణుల బృందం 1989లో ఈ మ్యూజియంలో తలలు లెక్కపెట్టింది. ఆధునిక కళా విభాగాల్లోని కళాకారుల్లో స్త్రీలు నూటికి 5 కన్న తక్కువగా ఉండగా, అక్కడి నగ్నచిత్రాల్లో స్త్రీలవి నూటికి 85 అని తేలింది. ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ గీసిన ఓడలిస్క్, అంటే అంతఃపుర పరిచారిక, బొమ్మకు గొరిల్లా తల తగిలించి, పక్కనే ఈ లెక్కను అచ్చువేసి, నగరపు బస్సుల మీద ప్రకటనగా తిప్పారు. 2012లో మళ్లీ లెక్కపెడితే నగ్నచిత్రాల్లో స్త్రీల వాటా 76కు దిగింది గాని, కళాకారిణుల వాటా 4 దగ్గరే ఉంది. ఈ బృందంలోనివారు గొరిల్లా ముసుగులు ధరించి, సొంత పేర్లు దాచుకుని, ఫ్రీడా కాలో, కేథె కోల్విట్జ్ వంటి గతించిన కళాకారిణుల పేర్లతో పిలిపించుకుంటారు. ఆ లెక్క ఒకసారి మనసులో పడినవారు ఆ గదుల్లో బొమ్మ కన్నా ముందు దాని పక్కనున్న పేరునే చదువుతారు. ఈ రచయిత్రికీ అలాగే జరిగింది.

అక్కడికి కొద్ది నడక దూరంలోని 86వ వీధి స్టేషన్‌లో 4 లేదా 5 నంబరు రైలెక్కి, నది కిందుగా బ్రూక్లిన్ చేరి, నెవిన్స్ స్ట్రీట్‌లో 2 లేదా 3లోకి మారితే, ఆ రైలు బ్రూక్లిన్ మ్యూజియం ముంగిటనే దించుతుంది. స్త్రీవాద కళ కోసం 2007లో తెరిచిన ఎలిజబెత్ సాక్లర్ కేంద్రం ఇక్కడి నాలుగో అంతస్తులో ఉంది. కళాకారిణి జూడీ షికాగో 1974 నుంచి 1979 వరకు, సుమారు 400 మంది స్వచ్ఛంద సహాయకులతో కలిసి రూపొందించిన ‘ది డిన్నర్ పార్టీ’ అనే కృతికి అదే శాశ్వత నివాసం. 1979లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటిసారి ప్రదర్శించిన తరువాత 6 దేశాలు తిరిగి, ఆపైన ఏళ్ల తరబడి పెట్టెల్లో ఉండిపోయిన ఈ కృతికి సొంత చోటు దొరకడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

నేసిన ఆరు తెరలు దాటి లోపలికి వెళితే, వెలుతురు తగ్గించిన గదిలో, ఒక్కొక్క భుజం 48 అడుగులున్న త్రిభుజాకారపు బల్ల కనబడుతుంది. భుజానికి 13 చొప్పున 39 మంది స్త్రీలకు అక్కడ వడ్డన సిద్ధమై ఉంది. క్రీస్తు చివరి విందులో కూర్చున్న 13 మంది పురుషులను తలపించేలా, ఆ విందును వండినవారి వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందన్న ఊహలో నుంచి ఈ సంఖ్య వచ్చింది. మగవారి పంక్తి లేచాక, వండి వడ్డించిన ఆడవారు మిగిలినదానితో చివరి బంతిలో కూర్చోవడం ఎరిగిన తెలుగువారికి ఈ ఊహను విడమరిచి చెప్పవలసిన పని లేదు.

ఈ కృతిపై చర్చ అంతా ఆ వడ్డనలోని పళ్లేల చుట్టూనే తిరిగింది. సీతాకోకచిలుకను, పువ్వును, స్త్రీ మర్మావయవాన్ని ఏకకాలంలో స్ఫురింపజేసే ఆ పింగాణీ ఆకారాలను కొందరు అశ్లీలమన్నారు. అయితే ఈ కృతి ప్రాణం పళ్లేల కన్నా వాటి కింద పరిచిన గుడ్డ పట్టీల్లో ఉందని ఈ రచయిత్రి అభిప్రాయం. ఒక్కొక్క పట్టీని ఆ స్త్రీ జీవించిన కాలానికి చెందిన కుట్టుపనితోనే అలంకరించారు. 18వ శతాబ్దపు ఆంగ్ల రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ పట్టీ మీద, లోపల దూది వంటిది కూరి బొమ్మలను ఉబ్బెత్తుగా నిలబెట్టే స్టంప్‌వర్క్ అనే కుట్టు ఉంది. సూదిపని స్త్రీల బుద్ధిని కుంచింపజేస్తుందని వాదించిన మనిషి ఆమె. ఆమె జీవితాన్ని ఆ సూదితోనే చెప్పడం చూస్తే మొదట మనసు ఒప్పుకోదు. కాని పట్టీ వెనుక భాగంలో, 1797లో కూతురిని కని కొద్ది రోజులకే మరణించిన ఆమె ప్రసవ శయ్య కుట్టి ఉంది. ముద్దుగా, రంగురంగులుగా, పిల్లల ఆటబొమ్మలంత చిన్నగా ఉన్న ఆ కుట్టులో ఆ చావు కనబడినప్పుడు, కాలక్షేపపు పనిగా కొట్టిపారేసిన విద్య ఎంత భారం మోయగలదో తెలిసి, అక్కడి నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

బల్ల నిలిచిన తెల్లటి పింగాణీ పలకల నేల మీద మరో 999 పేర్లు బంగారు రంగులో రాసి ఉన్నాయి. వాటిలో ఒకటి, స్త్రీ పేరుగా పొరబడిన గ్రీకు శిల్పి క్రెసిలాస్‌దని తరువాత తేలింది. ఇంతకన్నా లోతైన లోపం బల్ల మీదనే ఉంది. 39 మందిలో ఒకే ఒక నల్లజాతి స్త్రీ, బానిసత్వం నుంచి బయటపడి దానిపై పోరాడిన సోజర్నర్ ట్రూత్. తక్కిన పళ్లేల్లో దాదాపు అన్నిటికీ దేహం దక్కగా, ఆమెకు మాత్రం మూడు ముఖాలు దక్కాయి. నల్లజాతి స్త్రీకి దేహమున్నదని ఊహించలేకపోవడమే దీనికి కారణమని రచయిత్రి ఆలిస్ వాకర్ 1979లోనే విమర్శించారు. ఆ పళ్లెం ముందు నిలబడి చూస్తే ఆ విమర్శ న్యాయమైనదేనని అంగీకరించక తప్పదు.

భారతదేశం నుంచి బల్ల దగ్గర చోటు దక్కింది కాళికి మాత్రమే. దేవతకు పీట వేసి మనిషిని గుమ్మం బయట ఉంచడం మనకు కొత్త కాదు గాని, ఇక్కడ కూడా అదే ఎదురుకావడం బాధించింది. తెలుగులో రామాయణం రాసిన మొల్లను లోకం కుమ్మరి మొల్ల అని పిలిచింది. మట్టిని కాల్చి చేసిన ఇన్ని పళ్లేల మధ్య ఆమె పేరు గుర్తుకురాకుండా ఎలా ఉంటుంది? మూడో భుజం చివర, ఈ కృతి తయారయ్యే నాటికి 39 మందిలో జీవించి ఉన్న ఒకే ఒక వ్యక్తి, చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ పళ్లెం బల్ల మీద నుంచి పైకి లేచి ఉంది. అది దాటి మూల మలుపు తిరిగితే మళ్లీ వరుసలో మొదటిదైన ఆదిమ దేవత పళ్లెం, ఆ వరుసలోనే కొద్ది అడుగుల దూరంలో కాళి పళ్లెం. ఈ రచయిత్రి రెండోసారి ప్రదక్షిణ మొదలుపెట్టి, ఈసారి పళ్లేలను వదిలి, నేల మీది పేర్లను ఒక్కొక్కటిగా చదువుతూ నడిచింది.