తాడు విప్పే ముందు

చిన్న తెరచాప పడవలో ఒంటరిగా మహాసముద్రం దాటినవాళ్ళ పుస్తకాలు చదివేటప్పుడు తుపాను పేజీలు గబగబా తిప్పేస్తాను. కొండంత కెరటాలు, విరిగిన తెరచాప కొయ్య, చిరిగిన చాప... ఎవరు రాసినా కాస్త అటూ ఇటూగా అవే. నాకు మొదటి అధ్యాయాలు ఇష్టం. పడవ ఇంకా రేవులోనే ఉంటుంది. మనిషి చేతిలో ఒక జాబితా, జేబులో ఇంకొకటి. పెళ్ళి రేపనగా ఇల్లు ఎలా ఉంటుందో పడవ అలా ఉంటుంది. కాలు పెట్టే చోట ఉల్లిపాయల బస్తా, పడుకునే చోట తాళ్ళ చుట్టలు.

ఆ సర్దుడులో నన్ను పట్టి ఆపేది టిన్నుల సంగతి. డబ్బాల మీద అంటించిన కాగితాలను బయలుదేరే ముందే ఊడదీసేస్తారు. లేకపోతే పడవ అడుక్కి చేరిన నీళ్ళలో అవి నాని, ఊడి, ముద్దై పంపు నోటికి అడ్డం పడతాయి. నీళ్ళు తోడలేని పంపు ఎంత పనికొస్తుందో చెప్పక్కర్లేదు. కాగితం తీసేశాక డబ్బా మీద పెయింటుతో పేరు రాస్తారు. రాయడం మరిచిపోతే నడిసముద్రంలో కూర తిందామని తెరిచిన డబ్బాలో పండ్ల ముక్కలు పలకరిస్తాయి. గుడ్లకు ఒక్కొక్కదానికీ వాజలైన్ పూస్తారు. పెంకులోని సన్న రంధ్రాలు మూసుకుపోయి గాలి ఆడక, ఎక్కువ రోజులు నిలవుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్లయితే అసలు కొనరు. ఇక నీళ్ళు. మనిషికి రోజుకు మూడు లీటర్లు అనుకున్నా, మూడు వందల రోజులకు తొమ్మిది వందల లీటర్లు, అంటే తొమ్మిది వందల కిలోల బరువు. ముప్ఫై అడుగుల పడవకు అది మామూలు భారం కాదు. అందుకే కొంత మోసుకెళ్ళి, మిగతాది తెరచాప మీద పడే వాన నీటిని బకెట్లలోకి పట్టుకుంటారు. ఆకాశం మీద అప్పు పెట్టి బయలుదేరడమన్నమాట.

ఇదంతా ఓపిక ఉంటే ఎవరైనా చేయగల పనే. చేయలేనిది ఇంకొకటి ఉంది. సరిగ్గా ఎప్పుడు వెళ్ళాలో, అసలు వెళ్ళాలో వద్దో తేల్చుకోవడం. సముద్రం ఎవర్నీ రమ్మని పిలవదు, గడువు పెట్టదు. గడువులన్నీ ఒడ్డువే.

1968లో లండన్ పత్రిక ‘సండే టైమ్స్’ ఒక పందెం పెట్టింది. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా భూగోళం చుట్టి రావాలి. జూన్ 1కీ అక్టోబర్ 31కీ మధ్య ఎప్పుడైనా బయలుదేరొచ్చు. తొమ్మిది మంది బయలుదేరితే తిరిగొచ్చి పందెం ముగించింది ఒక్కడు. అందరూ ఆ ఒక్కడి గురించే చెబుతారు గాని, ఆ తొమ్మిది మందీ ఒడ్డు వదిలిన తీరు చూడాలి. చే బ్లైత్ అనే మాజీ సైనికుడికి తెరచాప నడపడం రాదు. అంతకుముందు ఇంకొకరితో కలిసి తెడ్లు వేసుకుంటూ అట్లాంటిక్ దాటాడు, అది వేరే విద్య. బయలుదేరే రోజున స్నేహితులే వచ్చి చాపలు ఎత్తి పెట్టి, వేరే పడవలో ముందు సాగుతూ ఏం చేయాలో చేసి చూపించారు. వెనక ఇతను వాళ్ళను చూసి చేసుకుంటూ పోయాడు. నవ్వొస్తుంది. కానీ అదే మనిషి రెండేళ్ళ తర్వాత గాలికి ఎదురుగా, పడమటి దిక్కుగా ఒంటరిగా భూమి చుట్టి వచ్చాడు.

పందెం ముగించిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ ‘సుహైలి’ మన బొంబాయిలో టేకుతో కట్టింది. పొడవు ముప్ఫై రెండు అడుగులు. వ్యాపార నౌకల్లో పనిచేసే రోజుల్లో అక్కడ కట్టించుకుని, ఇంగ్లండ్ దాకా నడుపుకుపోయాడు. 1968 జూన్ 14న ఫాల్మత్ రేవు వదిలాడు. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం ప్రయాణం కట్టకూడదని ఐరోపా నావికులకు తరతరాల పట్టింపు. మన ఇళ్ళల్లోనూ శుక్రవారం ఆడపిల్లను గడప దాటించరు. కారణాలు వేరు, భయం ఒక్కటే. ఇతను ఆ వారాన్నే బయలుదేరాడు. పందేనికి ముందొకసారి, తర్వాత ఒకసారి మనోవైద్యుడికి చూపిస్తే రెండుసార్లూ ఆయన ఇబ్బందికరమైనంత మామూలు మనిషని తేల్చాడట. ఆ మాట నాకు పెద్ద కితాబులా అనిపిస్తుంది. పది నెలలు ఒంటరిగా ఉండి 1969 ఏప్రిల్ 22న అదే రేవుకు వచ్చినవాడు మామూలుగా ఉన్నాడంటే, బయలుదేరినప్పుడు మనసు సర్దుకునే బయలుదేరాడని అర్థం.

అలా సర్దుకోలేనివాడు డోనల్డ్ క్రౌహర్స్ట్. చిన్న ఎలక్ట్రానిక్ పరికరాల కంపెనీ నడుపుకునే మనిషి, నలుగురు పిల్లల తండ్రి. మూడు డొక్కల పడవ ఒకటి కట్టించాడు. పెట్టుబడి పెట్టినాయనతో రాసుకున్న ఒప్పందం ప్రకారం, పందెం మధ్యలో వదిలేస్తే ఆ డబ్బు తిరిగి కట్టాలి. అంటే కంపెనీ పోతుంది, ఇల్లూ పోతుంది. పడవను తనంతట తాను కాచుకునేలా చేస్తానని చెప్పిన పరికరాలకు క్యాబిన్ నిండా వైర్లు లాగి ఉన్నాయి, వాటిని కలపాల్సిన కంప్యూటర్ మాత్రం లేదు. ఆఖరి తేదీ అక్టోబర్ 31. ముందు రాత్రి భార్య పక్కన ఏడ్చాడు.  వెళ్ళొద్దని ఆపమనే అతను అడుగుతున్నాడని ఆ రాత్రి తనకు తట్టలేదని ఆమె తర్వాత చెప్పుకుంది.

పొద్దున్నే రేవులో జనం, కెమెరాలు. పడవ వెళ్ళింది, కాసేపటికే వెనక్కి వచ్చింది. చాపలెత్తే తాళ్ళు చిక్కుబడ్డాయి. సరిచేసుకుని సాయంత్రం ఐదు కావస్తుండగా మళ్ళీ వెళ్ళాడు. సామాను కొంత ఒడ్డునే ఉండిపోయింది. తర్వాతి కథ తెలిసిందే. అట్లాంటిక్ దాటకుండానే ప్రపంచం చుడుతున్నట్టు రేడియోలో తప్పుడు లెక్కలు పంపాడు. 1969 జూలై 10న పడవ దొరికింది, మనిషి దొరకలేదు. విజేతగా వచ్చిన అయిదు వేల పౌండ్లను నాక్స్-జాన్‌స్టన్ ఆ కుటుంబానికే ఇచ్చేశాడు.

ఈ కథ చదివిన ప్రతిసారీ నా మనసు అట్లాంటిక్ దాకా పోదు, ఆ సాయంత్రపు రేవులోనే ఉండిపోతుంది. చిక్కుబడ్డ తాళ్ళనే వంకగా పెట్టుకుని, ఇక నావల్ల కాదని దిగిపోతే ఏమయ్యేది? పత్రికల్లో రెండు రోజులు ఎగతాళి, ఇల్లు పోవడం, అప్పు. పిల్లలకు తండ్రి మాత్రం మిగిలేవాడు. ఆ మాట అనడానికి కావలసిన గుండె, దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ చుట్టి రావడానికి కావలసిన దానికంటే పెద్దదేమో. సాహసగాథలు రాసేవాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

విశాఖ బీచ్‌లో సాయంత్రం నిలబడితే రేవులోకి పిలుపు కోసం లంగరేసి ఆగిన ఓడల దీపాలు వరసగా కనిపిస్తాయి. మనకు అందం. చిన్న పడవలో ఒంటరిగా వెళ్ళేవాడికి గుండె దడ. కెరటాల మధ్య పడవ కూర్చున్న ఎత్తు నుంచి చూపు ఎంతో దూరం ఆనదు. కనపడిన ఓడ పావుగంట, ఇరవై నిమిషాల్లో మీదికి వచ్చేయగలదు. అందుకే మొదటి రాత్రులు ఇరవై నిమిషాలకో అలారం పెట్టుకుని కునుకు తీస్తారు. లేచి నాలుగు దిక్కులూ చూసి మళ్ళీ పడుకుంటారు. చేపల పడవలు, వలల గుర్తుబుడ్లు, ఇసుక తిప్పలు, ఒడ్డుకేసి తోసే గాలి... ప్రమాదాలన్నీ నేల దగ్గరే కాపు కాస్తాయి. వీటికి తోడు మొదటి రెండు మూడు రోజులు వాంతులు, ఆరితేరినవాళ్ళలోనూ చాలామందికి. చుట్టూ ఏమీ కనపడని నీళ్ళలోకి చేరాకగాని కంటినిండా నిద్ర ఉండదు.

మన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన మొదటివాడు అప్పట్లో నావికాదళ అధికారి అయిన అభిలాష్ టామీ. 2012 నవంబర్ 1న ముంబయి నుంచి, గోవాలో కట్టిన ‘మాదేయి’ పడవలో వెళ్ళి మార్చి ఆఖరుకు తిరిగొచ్చాడు. (దాని తోబుట్టువు లాంటి ‘తారిణి’లో 2017లో ఆరుగురు నావికాదళ మహిళలు ప్రపంచం చుట్టారు. వాళ్ళలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఒంటరి ప్రయాణం కాదు గనుక ఈ వ్యాసంలో చోటు లేదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.) 2018లో టామీ పాతకాలపు పద్ధతిలో సాగే పందేనికి ‘సుహైలి’ నమూనాలో కట్టిన ‘తురీయ’ మీద వెళ్ళాడు. సెప్టెంబర్ 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను కొట్టి, పడవ దొర్లి, కొయ్య విరిగి, అతని వెన్ను దెబ్బతింది. కదల్లేక మూడు రోజులు క్యాబిన్‌లోనే పడున్నాడు. ఫ్రెంచి నౌక ఒకటి వచ్చి కాపాడింది. వెన్నులో టైటానియం కడ్డీలు పెట్టారు.

2022 సెప్టెంబర్ 4న అదే పందేనికి, అప్పుడు బయలుదేరిన ఫ్రెంచి రేవు నుంచే మళ్ళీ బయలుదేరాడు. రెండో స్థానంలో వచ్చాడు. గెలిచిందీ ఓడిందీ అలా ఉంచండి. అన్నీ తెలిసి రెండోసారి తాడు విప్పడం మాత్రం నాకు అంతుపట్టదు. మొదటిసారి వెళ్ళేవాడికి తెలియనితనం తోడుంటుంది. ఇతనికి అది కూడా లేదు. ఏ అక్షాంశం దగ్గర ఏమైందో ఒళ్ళే చెబుతుంది.

అందరికంటే ముందు ఈ దారి తొక్కిన జాషువా స్లోకమ్ బయలుదేరిన తీరు నాకు అన్నిటికంటే నచ్చుతుంది. పెద్ద తెరచాప ఓడలకు కెప్టెన్‌గా చేసినవాడు. ఆవిరి ఓడలొచ్చి ఆ బతుకుతెరువు పోయింది. ఎవరో స్నేహితుడు పొలంలో శిథిలమై పడున్న ‘స్ప్రే’ అనే పడవను చేతికిస్తే, ఒక్కో చెక్కా మార్చుకుంటూ దాదాపు కొత్తగా కట్టుకున్నాడు. పదమూడు నెలలు పట్టింది. 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చయింది. పైసలతో సహా రాసుకున్నాడు. 1895 ఏప్రిల్ 24న, యాభై ఒక్క ఏళ్ళ వయసులో, బోస్టన్ నుంచి ప్రపంచయాత్రకు బయలుదేరాడు. బయలుదేరి ఎక్కడికి వెళ్ళాడు? పక్కనే ఉన్న గ్లౌస్టర్‌కు. అక్కడ రెండు వారాలున్నాడు. తర్వాత ఉత్తరంగా పోయి నోవా స్కోషియాలో చిన్నప్పుడు పెరిగిన ఊరు చూసుకున్నాడు. యార్మత్‌లో నీళ్ళు, సరుకులు నింపుకున్నాడు. ఒక రేకు గడియారం బేరమాడాడు. డాలరున్నర చెప్పిన దాన్ని ముఖం పగిలి ఉంది గనుక డాలరుకిచ్చారు. ఉత్తర అమెరికా ఒడ్డు నిజంగా వదిలేసరికి జూలై వచ్చేసింది. రెండు నెలలకు పైగా ‘బయలుదేరుతూనే’ ఉన్నాడు. ఎవరూ అతనికి తేదీ పెట్టలేదు. అందుకే ఆ అధ్యాయాల్లో ఎక్కడా ఆయాసం ఉండదు.

భయం మాత్రం ఉంది, దాన్ని దాచుకోలేదు. ఒడ్డు వదిలిన వెంటనే పొగమంచు కమ్మింది. ఒంటరితనం మీద పడింది. మాట్లాడకపోతే గొంతు పోతుందేమోనని పైకి మాట్లాడేవాడు. ఓడల్లో కెప్టెన్ అరిచినట్టే క్యాబిన్‌లోంచి కేకేసి, చుక్కాని దగ్గరున్నవాడిని పడవ ఎటు పోతోందని అడిగేవాడు. చుక్కాని దగ్గర ఎవరూ లేరు. జవాబు రాదు.

ఆ నెలలోనే ఏజోర్స్ దీవులు చేరాడు. అక్కడి నుంచి కదిలాక జున్నూ రేగు జాతి ప్లమ్ పండ్లూ కలిపి తిన్నాడు. కడుపు మెలిపెట్టి క్యాబిన్ నేల మీద పడిపోయాడు. బయట గాలివాన. తెలివొచ్చి చూస్తే చుక్కాని పట్టుకుని పొడుగాటి మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. కొలంబస్ వెంట వచ్చిన ‘పింటా’ ఓడకు దారి చూపిన నావికుణ్ణని చెప్పుకున్నాడు, జున్నూ పండ్లూ కలిపి తింటారా అని మందలించాడు కూడా. జ్వరంలో కన్న కల అని స్లోకమ్‌కు తెలుసు. తెల్లారాక పైకి వెళ్ళి లెక్క చూసుకుంటే ఆ గాలివానలో, చుక్కాని కట్టేసిన పడవ తనంతట తాను తొంభై మైళ్ళు నడిచింది. పెట్టిన దిక్కు తప్పలేదు.