ముసురు పట్టిన రోజు ఊరు చూద్దాం రండి

పొద్దుటి నుంచీ ముసురు పట్టి వదలడం లేదండీ. మాదాపూర్ మేడల పై అంతస్తులు మబ్బులో కలిసిపోయాయి. ఇలాంటి రోజున "అలా బయటికెళ్లి ఊరు చూసొద్దామా" అంటే ఇంట్లోవాళ్లు జ్వరమేమైనా వచ్చిందా అన్నట్టు చూస్తారు. కానీ నన్నడిగితే హైటెక్ సిటీని చూడాల్సింది ఇలాంటి రోజునే.

ఈ మధ్య క్రూయిజ్‌లో జపాన్ వెళ్లొచ్చిన మా అక్క చెప్పిన ముచ్చట విన్నాక ఈ సంగతి మీతో చెప్పాలనిపించింది. ఓడ పొద్దున్నే నాగసాకి రేవుకు చేరింది, సాయంత్రం మళ్లీ బయల్దేరాలి. చూస్తే వాన. తగ్గాక దిగుదామంటే ఓడ మన కోసం ఆగదు కదా! గొడుగులేసుకుని అందరూ దిగారట. అక్కడ జూన్, జూలై నెలల్లో రోజుల తరబడి వానలే. ఆ ఊరి వాన మీద 1969లో వచ్చిన ఒక పాట దేశమంతా మార్మోగింది. నాగసాకి వాళ్లు తమ ఊరి పువ్వుగా ఎంచుకున్న హైడ్రాంజియా సరిగ్గా ఆ వానల్లోనే విరబూస్తుంది. 1634 నాటి కళ్లజోడు వంతెన దగ్గర ఆ పూలకుండీలు పేర్చి ఉత్సవమే చేస్తారు. దుకాణం గుమ్మంలో తడి గొడుగుకు తొడగడానికి ప్లాస్టిక్ సంచి సిద్ధంగా ఉంటుంది. ఊరు వానను ముందే లెక్కలోకి తీసుకుంది, అంతే.

మరి మనకేం తక్కువ? దుర్గం చెరువుకు వెళ్లండి. గోల్కొండ కోటకు కుతుబ్‌షాహీల కాలంలో నీళ్లిచ్చిన చెరువది. గుట్టల మధ్య బయటివాళ్ల కంటబడకుండా ఉండేది కాబట్టే సీక్రెట్ లేక్ అన్న పేరు. 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెనకు నడిమి భాగమే 233 మీటర్లు. అందరూ రాత్రి దీపాల కోసం వెళ్తారు. నేను మాత్రం వానలో ఆ గుట్టల రాళ్లను చూడమంటాను. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. ఎండలో బూడిద రంగులో వెలవెలబోయే బండ, తడిసిందంటే నల్లగా నిగనిగలాడుతుంది. లోపలి గులాబీ రంగు పలుకులు ఒక్కొక్కటే బయటపడతాయి. ఎంత పెద్ద భవనం కట్టినా ఆ రంగు తేలేం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఈ చుట్టుపక్కలంతా ఈ బండలే. మిగిలిన కాసినైనా కాపాడుకుందామండీ, పగలగొడితే మళ్లీ పుట్టేవి కావు.

వాన పెరిగితే శిల్పారామానికి వెళ్లండి. 1992లో వచ్చింది. అక్కడి పల్లె మ్యూజియంలో కుమ్మరి, సాలె ఇళ్లు, పనిలో మునిగిన మనుషుల బొమ్మలు నిలువెత్తున ఉంటాయి. చూరు నుంచి నీళ్లు కారుతుంటే చూడటం పిల్లలకు భలే నచ్చుతుంది.

నాకు నిజంగా బాధ కలిగించేది వాన కాదు, నడిచే దారి. గట్టి వాన పడితే రైల్వే అండర్‌పాస్ కింద నీళ్లు నిలుస్తాయి, ఫుట్‌పాత్ ఎక్కడ ఆగిపోతుందో తెలీదు, మ్యాన్‌హోల్ ఎక్కడుందో అసలే తెలీదు. 2023 జూలై వానలకు సైబరాబాద్ పోలీసులు ఐటీ ఉద్యోగులను మధ్యాహ్నం మూడు నుంచి విడతలవారీగా ఇళ్లకు పంపమని కంపెనీలకు చెప్పాల్సొచ్చింది. కార్ల కోసం 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేసుకున్నాం, అందులో పెద్ద భాగానికి జపాన్ సంస్థ జైకా అప్పిచ్చింది. గొడుగేసుకుని నడిచే మనిషికి మెట్రో స్టేషన్ నుంచి చెరువు దాకా తెగకుండా ఒక కాలిబాట వేయడానికి అంత డబ్బేమీ అక్కర్లేదు. కార్పొరేషన్‌వాళ్లు ఈ ఒక్క పని చేస్తే చాలు, నాగసాకిలో మా అక్క నడిచినట్టు మనమూ ఇక్కడ నడవగలం.

రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు మాత్రం ఇల్లు కదలకండి. మామూలు ముసురైతే, వచ్చే ఆదివారం గొడుగు తీసుకుని పిల్లలతో మెట్రో ఎక్కండి. దుర్గం చెరువు స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకుని వెళ్లి, ఆ రాళ్లు ఏ రంగులో కనిపించాయో నాకూ రాయండి.