జొన్నచేలో కూర

శ్రీనాథుడు పల్నాడు వెళ్ళి జొన్నకూడు తినలేక విసుక్కున్నట్టు ఆయన పేర కొన్ని చాటువులు చెలామణీ అవుతున్నాయి. ఒక పద్యంలోనైతే శ్రీకృష్ణుణ్ణే ఒక్క ముద్ద మింగి చూడమని సవాలు చేస్తాడు. ఏటా క్లాసులో ఈ పద్యం చెప్పగానే పిల్లలు నవ్వుతారు. కవిసార్వభౌముడు సన్నన్నానికి అలవాటుపడ్డ మనిషి. జహీరాబాదు దాకా వచ్చి ఉంటే మాత్రం ఆ పద్యం మరోలా ఉండేదేమోనని నా అనుమానం.

హైదరాబాదు నుంచి ముంబాయి రోడ్డున నూరు కిలోమీటర్లు పోతే జహీరాబాదు వస్తుంది. అవతల కన్నడదేశం. సంక్రాంతి సెలవుల్లో ఒక మిత్రుడి వెంట ఆ చుట్టుపక్కల పల్లెకు వెళ్ళాను. ఆయన పినతల్లి ఇంట్లో బస. ఆమెకు డెబ్బై దాటాయి. రెండెకరాల చేను ఉన్నది.

జొన్నరొట్టె చెయ్యడం చూడవలసిందే గాని చెప్పితే తెలిసేది కాదు. గోధుమపిండికున్న సాగుడు జొన్నపిండికి లేదు. అప్పడాలకర్రతో ఒత్తితే పగిలి ఊరుకుంటుంది. అంచేత మరిగే నీళ్ళు పోసి, చెయ్యి చురుక్కుమంటూండగానే మర్దించి, ముద్దను అరచేత్తో తట్టాలి. రొట్టె తిరుగుతూ పెరుగుతుంది. పెనంమీద వేశాక పైన తడిచేత్తో నీళ్ళు రాసి, ఆ తడి ఆరకముందే తిప్పాలి. చివర నిప్పులకు ఆనిస్తే పొంగుతుంది. కోడలు పొయ్యి ముందు కూర్చున్నది గాని తట్టేది అత్తగారే. తెల్లవారుజామున ఆ వీధి వీధంతా ఇదే చప్పుడు వినిపించేదట. ఇప్పుడు నాలుగైదు ఇళ్ళలో వినిపించింది.

రొట్టెలోకి పుంటికూర వేసిన కందిపప్పు, పచ్చి అనుముగింజల కూర, వెల్లుల్లికారం, ఒక ఉల్లిగడ్డ. పుంటికూర అంటే మన గోంగూరే. అనుముల సంగతి కొంచెం చిక్కు. చిత్తూరువారి అనపకాయ అంటే ఈ అనుముకాయ. విశాఖవారి ఆనపకాయ అంటే సొరకాయ. ఒక్క దీర్ఘంలో ఎంత తేడా వచ్చిందో చూశారా! ఆ గింజలు వెన్నలా ఉడికాయి. నేను మూడు రొట్టెలు తిన్నాను.

"ఇంత కూర ఎక్కడిదమ్మా?" అని అడిగాను.

"చేన్లదే సారూ" అన్నదావిడ, ఇంకెక్కడిదన్నట్టు చూసి.

సాయంకాలం చేను చూపించింది. అక్కడ తొలకరిలో పచ్చజొన్న ఒక్కటే చల్లరు. కంది, పెసర, మినుము, బొబ్బర, అనుము కలిపి వేస్తారు. పెసలు రెండు నెలలు దాటేసరికి ఇంటికి వస్తాయి. జొన్నకు నాలుగు నెలలు. జొన్న కోసుకున్నాక కంది తీరికగా పెరిగి పుష్యమాసానికి చేతికందుతుంది. వాన ఒక పంటను చెడగొట్టినా మరొకటి దక్కుతుంది. పప్పుజాతి మొక్కల వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. జొన్న మాంసకృత్తుల్లో కొరవడే లైసీను పప్పుల్లో సమృద్ధిగా ఉంటుంది. చేలో పక్కపక్కన పెరిగినవే కంచంలోనూ పక్కపక్కన కూర్చుంటాయన్నమాట. మా డెల్టాలో పొద్దున్నే సంచీ పుచ్చుకుని బజారుకు పోయి ఏం కూర అని ఆలోచిస్తాం. ఇక్కడ విత్తనాలు కలిపిన నాడే ఏడాది వంటంతా నిర్ణయమైపోతుంది.

విత్తని కూరలూ ఉన్నాయి. వానాకాలంలో జొన్న సాళ్ళ మధ్య చెంచలి, గంగపాయిలి, తుమ్మి వాటంతటవే లేస్తాయి. వ్యవసాయశాఖ పుస్తకాల్లో వాటి పేరు కలుపు. ఈవిడ దృష్టిలో అవి కూరలు. కలుపుమందు కొట్టిన చేలో ఇవేవీ మిగలవు.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలిగొన్న ఇంటికి అది చల్లని మాటే. కాదనడానికి నాకు నోరు రాదు. కాని దానితో జొన్న మెల్లగా కంచంలోంచి జారుకున్నది. అదే 1983లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టి, జహీరాబాదు పక్కనే పస్తాపూరు కేంద్రంగా పల్లె ఆడవాళ్ళ సంఘాలతో పాత విత్తనాలు కాపాడింది. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి అందుకున్నది. ప్రపంచమంతా 2023ను చిరుధాన్యాల సంవత్సరమని జరుపుకున్నది. అయినా ఈ ఇంటి తగువు తీరలేదు.

కొడుకు రెండెకరాల్లోనూ పత్తి వేద్దామంటాడు. కూతురి కాలేజీ ఫీజు కట్టాలి. అతని లెక్కలో తప్పేమీ లేదు.

"పత్తి ఏస్తే పైసలొస్తయ్. కూర యాడికెళ్ళి ఒస్తది రా?" అన్నది తల్లి.

"అంగట్ల కొందం."

ఆవిడ జవాబు చెప్పలేదు. నేను బయల్దేరే ముందు వసారాలో కూర్చుని అనుముల విత్తనాలకు బూడిద పట్టించి, బుట్టలో పోసి, పైన వేపాకు పరిచింది. మూతపెట్టి చుట్టూ పేడతో అలికింది. కొడుకు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఆ బుట్టను ఎత్తి అటకమీద పెట్టింది మాత్రం అతనే.